థైరాయిడు నేత్రవ్యాధియు, దాని శస్త్రచికిత్సయు

మనుష్యుని కన్ను చెడుటకు హేతువులు పెక్కులు గలవు. కొందఱికి నల్లగ్రుడ్డుపై పువ్వు పడును. కొందఱికి శుక్లములు ముదురును. మఱికొందఱికి కంటిలోని ద్రవపు టొత్తిడి హెచ్చి చూపు సన్నగిల్లును. ఇవి యన్నియు కంటిలోపల పుట్టిన దోషములు. కాని కనుగ్రుడ్డునం దేదోషమును లేకయే, దాని చుట్టునున్న చోటు ఇఱుకగుటచేత చూపునకు హాని కలిగించు వ్యాధి యొకటి కలదు. దానికి థైరాయిడు నేత్రవ్యాధి యని పేరు. కంఠమునందలి యొక చిన్న గ్రంథికి కలిగిన రోగము కంటిదాక ఎట్లు వచ్చునో, ఆ కీడును శస్త్రవైద్యులు ఏ యుపాయముచేత, ఏ వరుసను తొలగింతురో చెప్పుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

గ్రంథియు, వ్యాధియు

కంఠమునకు ముందు, గొంతుముడికి దిగువను, ఱెక్కలు విప్పిన సీతాకోకచిలుకవలె శ్వాసనాళము నానుకొనియుండు గ్రంథియే థైరాయిడు. ఇది యాహారమునుండి వచ్చిన అయోడినును గ్రహించి, థైరాక్సిను మొదలగు స్రావములను సిద్ధపఱచి నెత్తుటిలో కలుపును. శరీరమునందు ఆహారము శక్తిగా మాఱు వేగము ఈ స్రావములకు లోబడియుండును. తలలోని పిట్యూటరీ గ్రంథి యుత్తరువువంటి వేఱొక స్రావమును పంపగా, థైరాయిడు కణములపైనున్న గ్రాహకములు దాని నందుకొనును. ఉత్తరువు ఎంతయో పనియు నంతయే జరుగును. ఇది ఆరోగ్యవంతుని స్థితి.

రోగక్రిములను నిర్మూలించుటకై మన నెత్తుటిలో ప్రతిరక్షకములను పదార్థములు పుట్టుచుండును. కొందఱియందు ఈ ప్రతిరక్షకములు దారి తప్పి, పైన జెప్పిన గ్రాహకములకే అంటుకొనును. గ్రంథి దానిని పిట్యూటరీ పంపిన యుత్తరువుగా నెంచి యెడతెగక పనిచేయును. అందుచే గుండె దడదడ కొట్టుకొనును, చేతులు వణకును, కడుపునిండ తినినను మనిషి చిక్కిపోవును, ఉక్క సహింపరానిదగును. అయోడిను చాలనందున కొండప్రదేశములయందు వచ్చు గొంతువాపు దీనికంటె వేఱు. దానివలన కండ్లకు ఈ యుపద్రవము కలుగదు.

ఐర్లండు దేశమున డబ్లిన్ నగరపు మీత్ ఆసుపత్రియందు వైద్యుడైన రాబర్ట్ గ్రేవ్స్ ఇట్టి రోగులను 1835లో వర్ణించెను. వారిలో నొక యువతికి కనుగ్రుడ్లు ఎంతగా ముందునకు వచ్చెననగా, నిద్రించునప్పుడు సైతము రెప్పలు మూతపడవయ్యెను. 1840లో జర్మనీయందలి మెర్సెబర్గు పట్టణ వైద్యుడు కార్ల్ వాన్ బాసిడో, గొంతువాపు, గుండెదడ, వెలికి వచ్చిన కండ్లు అను మూడును ఒకే వ్యాధియొక్క లక్షణములని వ్రాసెను. అందువలన ఇంగ్లీషు వైద్యులు దీనిని గ్రేవ్సు వ్యాధి యనియు, జర్మను వైద్యులు బాసిడో వ్యాధి యనియు వ్యవహరింతురు. కారణము మాత్రము చాలకాలము తెలియలేదు. 1956లో న్యూజిలాండు దేశమున ఆడమ్స్, పర్వ్స్ అను శాస్త్రజ్ఞులు ఈ రోగుల నెత్తుటిలో థైరాయిడును దీర్ఘకాలము రేపుచుండు అసాధారణ పదార్థము కలదని కనుగొనిరి. అది ప్రతిరక్షకమని తరువాత తేలినది.

కంటిగూడు

కన్ను కూర్చుండు ఎముకగూడు ఆకారమున గరాటువంటిది. ముందు వెడల్పు, వెనుక ఇఱుకు. పైగోడకు ఆవల మెదడున్నది. క్రిందిగోడకు దిగువను చెక్కిలి యెముకలో నొక గాలిగది కలదు. ముక్కువైపు గోడకు ఆవల తేనెపట్టునందువలె చిన్న చిన్న గాలిగదులు గలవు. కణతవైపు గోడ మాత్రము దళసరిగా నుండును. పెద్దవారియందు ఈ గూటి పరిమాణము సుమారు 30 ఘన సెంటీమీటర్లు, అనగా మందు కొలుచు ఔన్సు గ్లాసు పట్టునంత. అందు కనుగ్రుడ్డు ఆక్రమించునది సుమారు 7 ఘన సెంటీమీటర్లు మాత్రమే. తక్కిన చోటంతయు కంటిని త్రిప్పు కండరములతోను, రక్తనాళములతోను, నాడులతోను, వీని నడుమ మెత్తగా సర్దియుండు క్రొవ్వుతోను నిండియుండును. కంటినుండి బయలుదేఱిన దృష్టినాడి గరాటు కొనయందలి రంధ్రముగుండ మెదడునకు పోవును.

థైరాయిడు కణములపైనుండు గ్రాహకములే యీ గూటిలోని కొన్ని కణములపైనను గలవు. దారి తప్పిన రక్షణశక్తి వానిపైనను దాడిచేయును. అప్పు డాకణములు నీటిని పీల్చి నిలుపుకొను జిగురువంటి పదార్థమును విస్తారముగా పుట్టించును. కండరములు ఉబ్బి దళసరియగును; క్రొవ్వును పెరుగును. ఎముకగోడలు ఇసుమంతయు సాగవు. మూతిదాక శనగలు పోసి నీరు నింపిన చెంబును తెల్లవాఱి చూచితిమేని, నానిన శనగలు చెంబు అంచును దాటి పైకి పొంగియుండును. చెంబు సాగదు గనుక గింజలకు పైకి వచ్చుటయే గతి. కనుగ్రుడ్డు ముందునకు పొడుచుకొనివచ్చుటయు నట్టిదే. ఎన్ని మిల్లీమీటర్లు వచ్చినదో కొలుచుటకు హెర్టెల్ అను జర్మను వైద్యుడు 1905లో నొక సాధనమును కల్పించెను. నేటికిని వైద్యులు దానినే వాడుదురు.

గ్రేవ్సు వ్యాధి గలవారిలో నలుగురిలో నొకరికో, అంతకు కొంచెము హెచ్చుగనో కండ్లకు చిక్కు కలుగును. థైరాయిడు పరీక్షలు సరిగా నున్నవారికి సైతము ఒక్కొక్కప్పుడు ఈ నేత్రవ్యాధి రావచ్చును. కంఠవ్యాధి కుదిరినంతమాత్రమున కంటివ్యాధి కుదురునను నియమము లేదు. అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ భార్యయైన బార్బరా బుష్‌నకు 1989లో గ్రేవ్సు వ్యాధి యని నిర్ణయింపబడి గ్రంథికి చికిత్స జరిగినది. అయినను కంటిబాధ నిలిచియుండుటచే 1990లో కంటిగూళ్లకు కిరణచికిత్స చేయవలసివచ్చినది.

ఎక్కువ యపాయకరమైన దేది?

వ్యాధివలన కంటికి కలుగు బాధలు నాలుగు విధములు. మొదటిది, రెప్పలు పైకి లాగుకొనిపోయి కన్ను ఎల్లప్పుడును బెదరినట్లు తెఱచుకొనియుండుట. రెండవది, రెప్ప సరిగా మూతపడమిచే కన్ను ఆఱి, ఎఱ్ఱబాఱి, నల్లగ్రుడ్డుపైనుండు పారదర్శకపు పొర పుండుపడుట. మూడవది, ఉబ్బిన కండరములు బిగిసిపోయి రెండుకండ్లును కలిసి తిరుగకుండుటచే ఒక వస్తువు రెండుగా కనబడుట. కంటికి క్రిందనున్న కండరమే తఱచుగా బిగియును గనుక, రోగి పైకి చూడలేడు. ఒక దీపము ఒకదానిపై నొకటిగా రెండు దీపములై తోచును. నాలుగవది, గరాటు కొనయందు ఉబ్బిన కండరముల నడుమ దృష్టినాడి నలిగిపోవుట. ఇది నేత్రవ్యాధి గలవారిలో నూటికి సుమారు అయిదుగురికి వచ్చును. వెంటనే చికిత్స జరుగనిచో అంధత్వమునకు దారితీయును.

ఇచ్చట చదువరులు గమనింపవలసిన విశేషమొకటి కలదు. చూచువారు మిక్కిలి వెలికి వచ్చిన కంటినే చూచి భయపడుదురు. కాని కన్ను ముందునకు వచ్చుట ఒకవిధముగా ప్రకృతి కల్పించుకొనిన సర్దుబాటు. అంతమేరకు లోపలి యొత్తిడి సడలును. రెప్పలును, వానిని నిలుపు పొరయు బిగువుగానుండి కన్ను ముందునకు రానీయనప్పుడు, ఒత్తిడియంతయు వెనుకకు మఱలి నాడిమీద పడును. కాబట్టి అంతగా పొడుచుకొనిరాని కంటియందును దృష్టినాడి నలుగవచ్చును. ముఖము చూచి ధైర్యము చెప్పుట తగదు, చూపునే పరీక్షింపవలెను.

ఈ యపాయము తొలుదొలుత రంగులయందు కనబడుట కలదు. ఎఱ్ఱని పువ్వు వెలసినట్లును, దుమ్ము కప్పినట్లును తోచును. రెండు కండ్లును తెఱచియున్నప్పుడు మంచికన్ను చెడుకంటి లోపమును కప్పిపుచ్చును. ఒక కన్ను చేతితో మూసి రెండవ కంటితోను, పిమ్మట దానిని మూసి మొదటి కంటితోను ఒకే ఎఱ్ఱని వస్తువును చూచినచో భేదము తెలియవచ్చును. థైరాయిడు వ్యాధి గలవారు ఇట్టి భేదమును కనుగొనిన దినముననే నేత్రవైద్యుని యొద్దకు పోవలెను.

శస్త్రచికిత్సకు ముందు

ఈ వ్యాధికి ఉద్రేకకాలము, శాంతకాలము అని రెండు దశలు గలవు. ఆస్ట్రేలియా దేశీయుడైన రండిల్ అను వైద్యుడు 1945లో రోగులను కాలక్రమమున పరీక్షించి, వ్యాధి కొన్ని నెలలు ముదిరి, తరువాత కొంత తగ్గి, తుదకు నిలుకడ పొందునని రేఖాచిత్రముగా చూపెను. ఉద్రేకకాలము సాధారణముగా ఏడాది మొదలు రెండేండ్లవఱకు నుండును. పూర్వస్థితి మాత్రము చాలమందికి పూర్తిగా తిరిగి రాదు. వాపు తగ్గినను బిగిసిన కండరము బిగిసినట్లే యుండును. గోడలకు సున్నము ఆఱకమునుపే రంగు వేసినవాడు మఱల వేయవలసినట్లు, వ్యాధి మాఱుచుండగా కోసినచో ఆ ఫలము నిలువదు. కావున శాంతకాలము వచ్చి సుమారు ఆఱునెలలు మార్పు లేకున్న పిమ్మటనే శస్త్రచికిత్సకు పూనుకొందురు.

అంతవఱకు చేయవలసిన పనులు లేకపోలేదు. థైరాయిడు స్రావము హెచ్చును తగ్గును కాకుండ సమముగా నుంచవలెను. చుట్ట, బీడీ, సిగరెట్టు ఏదైనను పూర్తిగా మానవలెను. పొగ త్రాగువారికి ఈ నేత్రవ్యాధి తఱచుగా వచ్చుటయు, తీవ్రమగుటయు, మందులకు లొంగకుండుటయు అనేక పరిశోధనలచే రుజువైనది. కన్ను ఆఱకుండ కృత్రిమాశ్రువుల బొట్లు వేయుదురు. వ్యాధి తీవ్రముగా నున్నచో మిథైల్ ప్రెడ్నిసొలోను అను స్టీరాయిడు మందును నరములోనికి ఎక్కింతురు. కొందఱికి కిరణచికిత్స చేయుదురు. టెప్రొటుముమాబ్ అను క్రొత్త మందునకు 2020 జనవరిలో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ అనుమతి నిచ్చినది. ఇది రక్షణకణముల కోపము కంటిగూటి కణములకు సోకు మార్గముననే అడ్డుకొనును. దీనిచే పెక్కుమందికి శస్త్రచికిత్స లేకయే కన్ను లోనికి పోయినది. కాని వినికిడికి హాని మొదలగు దోషములు దీనికిని గలవు.

కాలము కొఱకు వేచియుండరాని సందర్భములు రెండు: దృష్టినాడి నలుగుట, నల్లగ్రుడ్డుపై పొర పుండుపడి చెడుట. నాడి నలిగినప్పుడు ముందుగా స్టీరాయిడు మందును హెచ్చు మోతాదున ఎక్కించి, సుమారు రెండువారములలో చూపు తగినంత మెఱుగుపడనిచో ఆలస్యము చేయక శస్త్రచికిత్స చేయుదురు. మందుకంటె ముందే కోసినందువలన అధికలాభము లేదని నెదర్లాండ్సు వైద్యులు 2005లో ప్రకటించిన పరిశోధనలో తేలినది.

మొదటి మెట్టు: గూటిని విశాలపఱచుట

ఈ శస్త్రచికిత్సయందు కనుగ్రుడ్డును కోయరు. దాని గూటిని పెద్దది చేయుదురు. ఇల్లు చాలనిచో ప్రక్కగోడ తీసి వసారాను గదిలో కలుపుకొనుట మనమెఱిగినదే. అట్లే ఎముకగోడను కొంతభాగము తొలగించినచో, ఉబ్బిన క్రొవ్వును కండరములును ఆవలి ఖాళీచోటులోనికి జరుగును. కన్ను లోనికి పోవును. నాడిమీది యొత్తిడి సడలును.

ఏ గోడను తీయవలెనను ప్రశ్నకు వైద్యులు క్రమక్రమముగా సమాధానము కనుగొనిరి. 1911లో హంగేరీ శస్త్రవైద్యుడు డోలింగర్ కణతవైపు గోడను తీసెను. 1931లో అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో నగరపు హోవర్డ్ నాఫ్జిగర్ తలపుఱ్ఱెను తెఱచి పైగోడను తీసెను. నాడి కొఱకు ఇది మేలు చేసినను, మెదడును కదల్చవలసిన పెద్దపని. 1936లో సీవాల్ ముక్కువైపు గోడను తీయుట చూపెను. 1957లో సెయింట్ లూయీ నగరమున వాల్ష్, ఓగురా అనువారు పైపెదవి లోపలినుండి చెక్కిలి గాలిగదిలో ప్రవేశించి, క్రిందిగోడను, ముక్కువైపు గోడను తీసిరి. ఈ పద్ధతి చాలకాలము ప్రసిద్ధముగా నుండెను. 1990లో కెనడీ మొదలగువారు ముక్కురంధ్రముగుండ సన్నని దుర్బిణీగొట్టమును పోనిచ్చి, ముఖముపై గాటు లేకుండ ఈ పని చేయుట వర్ణించిరి.

ముక్కువైపు గోడ కాగితమువలె పలుచన; శరీరశాస్త్రజ్ఞులు దానికి పెట్టిన లాటిను పేరునకు కాగితపు పలక యనియే యర్థము. నాడి నలుగునది గరాటు కొనయందు. ఆ కొనకు చేరువనున్న దీగోడయొక్క వెనుకభాగమే. కాబట్టి దృష్టిని కాపాడుటకై చేయు శస్త్రచికిత్సలో దీనిని కొనదాక తీయుట ముఖ్యము. రూపము బాగుపడుటకై చేయునప్పుడు కణతవైపు గోడను సన్నని మరతో లోపలినుండి అరగదీయుటయో, కొంత క్రొవ్వును తీసివేయుటయో, రెండును కలిపియో చేయుదురు. ఎముక తీసినతోడనే పని ముగియదు. గూటి లోపల అంటియుండు పొరను చీల్చినగాని క్రొవ్వు ఆవలికి జరుగదు. ఎన్నిగోడలు తీసిన అంత హెచ్చుగా కన్ను లోనికి పోవును. కావున ఎవరికెంత కావలెనో స్కాను చిత్రమును చూచి ముందుగా నిర్ణయింతురు.

ఇందు అపాయములు లేకపోలేదు. కండరములు జరుగుటచే, అంతకుముందు లేనివారికి సైతము ఒకటి రెండుగా కనబడవచ్చును. క్రిందిగోడలోని నాడికి దెబ్బతగిలిన చెక్కిలియు పైపెదవియు మొద్దుబాఱును. మెదడు పొరకు గాయమైనచో దాని చుట్టునుండు నీరు కాఱవచ్చును. చూపు పోవుట మిక్కిలి అరుదు. కాని అది అసంభవము కాదని వైద్యుడు ముందే చెప్పి రోగి సమ్మతిని పొందవలెను. నాడి నలిగిన స్వల్పకాలములో చేసినచో చాలమందికి చూపు మెఱుగగును. చిరకాలము నలిగి ఎండిపోయిన నాడిని ఏ శస్త్రమును బ్రతికింపజాలదు.

రెండవ, మూడవ మెట్లు

గూడు సరియైన పిమ్మట కండరముల వంతు వచ్చును. కన్ను మెల్లయై వస్తువులు రెండుగా కనబడుచున్నచో, కొలతలు నిలుకడ పొందువఱకు పట్టకపు అద్దములతో కాలము గడుపుదురు. తరువాత బిగిసిన కండరమును కనుగ్రుడ్డునుండి విడదీసి, కొన్ని మిల్లీమీటర్లు వెనుకకు జరిపి కుట్టుదురు. బిగువు సడలి కన్ను తిన్నగా నిలుచును. కొందఱు వైద్యులు కుట్టుదారమును జాఱుముడితో నుంచి, రోగి మత్తునుండి తేఱిన పిమ్మట అతనిచేతనే దీపమును చూపించి, రెండు దీపములు ఒకటియగువఱకు దారమును సవరించి ముడివేయుదురు. అన్నిదిక్కులను ఒకటిగా కనబడునట్లు చేయుట తఱచుగా సాధ్యము కాదు. ఎదురుగా చూచునప్పుడును, క్రిందికి చూచి చదువునప్పుడును ఒకటిగా కనబడుటయే లక్ష్యము.

కడపట రెప్పలు. పైకి లాగుకొనిపోయిన పైరెప్పను ఎత్తు కండరమును సడలించి క్రిందికి దించుదురు. క్రిందిరెప్పకు అవసరమైనచో అంగుటినుండియో, చెవినుండియో తీసిన చిన్నతునుకను ఆధారముగా కుట్టి పైకి లేపుదురు. దీనివలన రూపము బాగుపడుటయే గాక, కన్ను మూతపడి ఆఱకుండును.

ఈ మూడుమెట్ల వరుస తలక్రిందు కారాదు. గూటిని విశాలపఱచినప్పుడు కండరముల స్థానము మాఱును. కండరమును ముందే సరిచేసినచో ఆ పని వృథాయగును. క్రిందికండరమును వెనుకకు జరిపినప్పుడు దానితో కలిసియున్న క్రిందిరెప్పయు జాఱును. రెప్పను ముందే కుట్టినచో మఱల కుట్టవలసివచ్చును. అందఱికిని మూడును అవసరపడవు. పెక్కుమందికి ఒక్కటియు అవసరపడదు. అవసరమైనవారికి మాత్రము మొత్తము పని రెండు మూడేండ్లు పట్టుట కలదు. ఓర్పు రోగికిని, ఇంటివారికిని కూడ కావలెను.

మన దేశమునను కంటిగూటి శస్త్రచికిత్సయందే ప్రత్యేకముగా శిక్షణ పొందిన వైద్యులు గలరు. హైదరాబాదునందు 1987లో స్థాపింపబడిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థయందు దీనికి ప్రత్యేకశాఖ కలదు. కావున ఈ చికిత్స కొఱకు సముద్రములు దాటవలసిన పని లేదు. కావలసినది సకాలమున గుర్తించుట. వెలికి వచ్చిన కన్నులు గలవారిని చూచి కోపిష్ఠులనియు, దిష్టి పెట్టువారనియు అనుకొను మూఢత్వము మన వీథులలో ఇంకను పూర్తిగా పోలేదు. వారిది కోపము కాదు. లోపల చోటు చాలని కన్ను అది. విద్యార్థులు ఇంటను ఇరుగుపొరుగునను అట్టివారిని చూచినప్పుడు, ఒక్కొక్క కన్ను మూసి ఎఱ్ఱని పూవు రంగును పోల్చి చూడుమని చెప్పుదురు గాక. ఆ రెండు నిముషముల పరీక్ష ఒకరి చూపును నిలుపవచ్చును.